కుడిపక్క జత

ఆదివారం భోజనాలయ్యాక బావా బావమరుదులిద్దరూ ముందుగదిలో చేరితే ఇల్లు కూలినా లేవరని అక్క దెప్పుతూ ఉండేది. గదిలో బావ సొంతంగా కట్టుకున్న యాంప్లిఫయర్ ఉండేది. దాని నెత్తిమీద ఎడమ స్పీకరుకి రెండు, కుడి స్పీకరుకి రెండు పవర్ ట్యూబులు నారింజరంగులో వెలుగుతూ ఉండేవి.

బావది నీళ్ళ పంపుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తయారైన ప్రతి మోటారునూ తిప్పి, శబ్దం విని, బేరింగు మంచిదో కాదో తేల్చాలి. అక్కడ అందరూ ఆయన్ని పాముచెవులాయన అనేవారు. బావమరిది కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేవాడు. రోజంతా మనుషుల కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అదా?" అని అడిగీ అడిగీ నోరు పడిపోయేది. ఆదివారం వస్తే మళ్ళీ అదే ప్రశ్న, కాకపోతే చెవులకి.

ఆవేళ బావ కొత్త ట్యూబులు తెప్పించాడు. పాతవి ఈఎల్ 34లు, ఇవి కేటీ 77లు. అవే సాకెట్లలో కూర్చుంటాయి గాని గొంతు వేరంటారు. ముందు పాతవాటితో ఒక పాట విన్నారు. ఆపేసి, చల్లారాక గుడ్డతో పట్టుకుని పీకి, కొత్తవి పెట్టారు. మీటరుతో కరెంటు సరిచూసి, బాగా వేడెక్కాక అదే పాట మళ్ళీ వేశారు.

"కింది స్వరాలు బిగువుగా ఉన్నాయి బావా. కానీ ఆడగొంతు పాతవాటితోనే తియ్యగా ఉంది."

"నీ తీపి తర్వాత. కుడిపక్క జత నీరసంగా మోగుతోంది. తెలియడం లేదూ?"

బావమరిదికి రెండు పక్కలా ఒకేలా వినిపిస్తోంది. కానీ పాముచెవులతో పందెమేమిటని ఊరుకున్నాడు.

"ఈ జతని అటూ, ఆ జతని ఇటూ మారుద్దాం," అన్నాడు బావ. "లోపం ట్యూబుదైతే దానివెంటే ఎడమకి వస్తుంది."

మార్చారు. లోపం కుడిపక్కనే ఉండిపోయింది. పాత ట్యూబులు తిరిగి పెట్టారు. కుడిపక్కనే. స్పీకరు తీగలు తారుమారు చేశారు. చివరికి స్పీకర్లనే మోసుకొచ్చి అటుది ఇటు, ఇటుది అటు పెట్టారు. అయినా కుడిపక్కనే.

"ఈ గోడలోనే ఏదో ఉంది," అన్నాడు బావ చెమట తుడుచుకుంటూ.

బావమరిదికి తన దుకాణం గుర్తొచ్చింది. ఏ అద్దం పెట్టినా ఒక కంటికి మసకే అనేవాళ్ళు దుకాణానికి అప్పుడప్పుడూ వస్తారు. అలాంటప్పుడు అతను అద్దాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాడు. పైవాళ్ళకి చెప్పినంత తేలిక కాదు బావకి చెప్పడం.

"కుర్చీ ఒకసారి వెనక్కి తిప్పి కూర్చో బావా."

"స్పీకర్లకి వీపు పెట్టి పాట వింటారట్రా ఎవరైనా?" అని నవ్వుతూనే తిప్పి కూర్చున్నాడు. కాసేపటికి ఆ నవ్వు పోయింది. ఇందాకటిదాకా ఎడమపక్కన బాగా మోగిన కిటికీ వైపు స్పీకరు ఇప్పుడు కుడిపక్కకి వచ్చి నీరసించింది. బావ ఎడమచెవిని అరచేత్తో మూసుకున్నాడు. పాట ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంది.

"గుబిలి పట్టి ఉంటుంది," అన్నాడు చెయ్యి తీసేసి. "మీ అక్కకి చెప్పకు. ఫ్యాక్టరీవాళ్ళు జీతమిచ్చేది నాకు కాదురా, ఈ చెవులకి."

బావమరిది తలూపాడు.

చెవిలో చుక్కలు వేసుకున్నాడు బావ. డాక్టరు దగ్గరికి ఎప్పుడని అడిగితే వచ్చేవారం అనేవాడు. ఆ వచ్చేవారం రానేలేదు. భోజనాల దగ్గర అక్క తనకి ఎడమవైపు ఉండేలా చూసి కూర్చోవడం నేర్చుకున్నాడు. కుడివైపు నుంచి ఆమె పిలిస్తే పలికేవాడు కాదు.

"నా మాటంటే లెక్కలేదు మీ బావకి. అన్నీ పెడచెవిన పెడుతున్నాడు," అని అక్క ఒకరోజు తమ్ముడి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతనికి నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాడు. పని ఒత్తిడిలే అక్కా, అన్నాడు.

తర్వాత బావకి నడుస్తుంటే తూలడం మొదలైంది. ఒక పొద్దున ఫ్యాక్టరీ మెట్ల మీంచి పడిపోయాడు. ఆస్పత్రిలో తల ఫోటోలు తీశారు. వినికిడి నరం మీద గడ్డ లేచి, మెదడుని నొక్కేంతగా ఎదిగింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

"వినికిడి ఎప్పట్నుంచి తగ్గిందమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఆయనకా? ఆయనవి పాముచెవులండీ," అంది అక్క.

బావమరిది గోడవంక చూస్తూ జరిగింది చెప్పాడు. ఆపరేషన్ తప్పదనీ, మొదట్లోనే వచ్చి ఉంటే ముఖాన్ని కదిలించే నరం దక్కే అవకాశం ఎక్కువగా ఉండేదనీ చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. అక్క గొంతు పెంచలేదు.

"నీకు తెలుసా?"

"బావ చెప్పొద్దన్నాడక్కా."

"ఆయన మొండిమనిషి, అంటాడు. నువ్వు నా తోడబుట్టావు. నేను ఏడుస్తుంటే ఎదురుగా కూర్చుని పని ఒత్తిడన్నావు."

ఆపరేషన్ తర్వాత ప్రాణానికి ముప్పు తప్పింది. కుడిచెవి పూర్తిగా పోయింది. ముఖం కుడిసగం జారిపోయింది. ఆ కన్ను మూతపడదు. నీళ్ళు తాగితే పెదవి చివర నుంచి కారతాయి. ఫ్యాక్టరీలో పంపుల మీద కాగితాలు అంటించే పనికి మార్చారు. మోటార్ల దగ్గరికి కొత్తవాడు వచ్చాడు. ఇప్పుడు పాముచెవులాయన అని ఎవరూ అనరు. నోరుజారి అన్నా, వెంటనే నాలిక కరుచుకుంటారు.

కొన్నాళ్ళు ఆగి ఒక ఆదివారం బావమరిది వెళ్ళాడు. తలుపు తీసిన అక్క అతన్ని చూసి, దారి వదిలి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముందుగదిలో యాంప్లిఫయర్ మీద దుప్పటి కప్పి ఉంది.

"మీ అక్క నీతో మాట్లాడదు," అన్నాడు బావ. మాట ముద్దముద్దగా వస్తోంది. "నాతో మాట్లాడుతుంది. తప్పదు కదా, కంట్లో మందు వెయ్యాలి. నీతో ఏం పని దానికి?"

"ఎన్నాళ్ళు బావా?"

బావ జవాబు చెప్పలేదు. విననట్టున్నాడని, బావమరిది కుర్చీ ఎడమవైపుకి జరుపుకుని మళ్ళీ అడిగాడు.

"మొదటిసారే వినపడింది," అన్నాడు బావ.