మోకాలి ఎత్తులో కోసిన మాన్లు

మా ఆయన పోయేనాటికి కొండవాలులో మా ఆపిల్ చెట్లు ఇంకా అడవి చెట్లే. కొండ ఆపిల్ గింజలు ఏరి తెచ్చి ఆయనే మొలిపించాడు. మానుని ఛాతీ ఎత్తు దాకా అడవి మానుగానే పెరగనిచ్చి, ఆపైన కొమ్మలకి మాత్రమే తినే రకం అంటు కట్టాలని ఆయన పట్టుదల. అలాగైతే కాపు ఏళ్ల తరబడి ఆలస్యం. ఊరంతా నవ్వింది.

"వేరుని మంచు కప్పి కాస్తుంది. చలి పట్టుకునేది చెట్టు నడుముని. అందుకే నడుం కొండదై ఉండాలి" అనేవాడు.

ఆ చెట్లు కాస్తే నా పొయ్యి నాది. లేకపోతే మరిది యోంగ్‌తాయ్ ఇంట్లో, అతని భార్య షూఫెన్ వడ్డించింది తినాలి. మూడో దారి లేదు.

ఆయన పోయాక ఒక వసంతంలో చెల్లెలి కోడలి పురుటికి పట్నం వెళ్లాను. తిరిగొచ్చేసరికి కొండవాలు బోడిగా ఉంది. ప్రతి మానూ మోకాలి ఎత్తులో కోసేసి ఉంది. ఒక్కో మొండేనికి ఒక్కో అంటు పుల్ల గుచ్చి, చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టారు. నరికిన మాన్లు కట్టలుగా నా గుమ్మం పక్కన పేర్చి ఉన్నాయి.

"ఏంటిది యోంగ్‌తాయ్?"

"చెప్తే ఒప్పుకోవని, నువ్వు లేనప్పుడే కానిచ్చేశా వదినా. వంగి వంగి నా నడుం విరిగిందనుకో! రెండేళ్లలో పండు తింటావు. అదీ దక్షిణం రకం, పిడికిలంత కాయ. అన్నయ్య కట్టాలనుకున్న ఆ గోలీకాయలు ఎవడు కొంటాడు?"

"చలికి ఆగుతుందా?"

"చలా! గడ్డకట్టిన నది మీద బండి తోలి ఎన్నేళ్లయింది? చలి కూడా అన్నయ్యతోనే పోయింది."

షూఫెన్ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "నోరు కడుక్కో!" అని నావైపు తిరిగి, "కూలి అడగలేదుగా అక్కా, ముఖం అలా పెడతావేం?" అంది.

మేలు చేసినవాణ్ణి ఏమని తిడతాం?

రెండో ఏడు నిజంగానే కాశాయి. యోంగ్‌తాయ్ ఒక కాయ పట్టుకుని ఊరంతా తిరిగాడు. నేనూ తిన్నాను. తియ్యగా ఉంది. ఒక్క పూట మా ఆయన మీద కోపం కూడా వచ్చింది.

ఆ చలికాలం నది మీద మళ్లీ బండ్లు నడిచాయి. చివరి రోజుల్లో పగలు ఎండ మాన్లని వెచ్చబెట్టేది, రాత్రి చలి వాటిని బిగించేది. మంచు కరిగాక వెళ్లి వేలితో నొక్కితే బెరడు తడిసిన అట్టలా ఊడొచ్చింది. లోపలంతా మాడిన రంగు. అంటు కింద, మోకాలి దగ్గర మాత్రం అడవి మాను పచ్చిగా ఉంది. అక్కణ్ణించి సన్నటి చిగుళ్లు వస్తున్నాయి.

యోంగ్‌తాయ్ కత్తి తీసి, "మళ్లీ కడతాను వదినా" అన్నాడు.

"దాన్ని లోపల పెట్టు."

ఆ చిగుళ్లు ఛాతీ ఎత్తుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. నా దగ్గర అన్నేళ్లు లేవు.

ఇప్పుడు వాళ్లింట్లోనే తింటున్నాను. కింద మంట పెట్టి వెచ్చబెట్టే ఇటుకల అరుగు మీద పొయ్యికి దగ్గరగా ఉన్న వెచ్చటి చోటు నాకే ఇస్తారు. యోంగ్‌తాయ్ చేపలో మెత్తటి ముక్క ఏరి నా గిన్నెలో వేసి, "తిను వదినా, మొహమాటపడకు" అంటాడు. తింటాను.

కాల్చడానికి చేతులు రాక నేను దాచుకున్న ఆ నరికిన మాన్ల కట్టలు కూడా నాతోపాటే వచ్చాయి. అరుగు కింద మండేది అవే. కొండ కర్ర, నెమ్మదిగా కాలుతుంది. షూఫెన్ ఎంతో మెచ్చుకుంటుంది.