రంగు పూసిన కొబ్బరిచిప్పల తక్కెడ

నేను ఒక తక్కెడను. కొట్లో బెల్లం, చింతపండు తూచుతూ గౌరవంగా బతికే ఇత్తడి తక్కెడను కాను. రెండు కొబ్బరిచిప్పలు, ఒక వెదురుబద్ద, కాస్త పీచుతాడు, అంతే నా ఒళ్ళు. ఉద్దానం కొబ్బరితోటల నడుమ ఒక చిన్న బడి, అందులో ఐదో తరగతి గది నా పుట్టిల్లు. నా మీద జాలి పడకండి. నేను పగ తీర్చుకున్నదాన్ని. ఆ సంగతి చెప్పుకోవడానికే నోరు విప్పాను.

ఆ సోమవారం త్రినాథరావు మాస్టారు బరువుల పాఠం మొదలుపెట్టారు. కిలో, గ్రాము అని బోర్డు నిండా రాసి, పిల్లల చేత గట్టిగా చదివించి, శనివారం మండల విద్యాధికారి మేడమ్ వస్తున్నారని, ఈలోగా ఎవరికి వాళ్ళు ఏదో ఒకటి తయారుచెయ్యాలని చెప్పారు. బాగా చేసినవాళ్ళను మండల ప్రదర్శనకు తీసుకెళ్తారట. మంగళవారానికల్లా పిల్లలు అట్టముక్కలు, అగ్గిపెట్టెలు, ఖాళీ సీసాలు తెచ్చి గదిని చెత్తకుప్ప చేశారు. ఒకడు గాలిమర చేశాడు, అది తిరగలేదు. ఇద్దరు ఆడపిల్లలు మట్టితో అగ్నిపర్వతం చేస్తే మాస్టారు ఇడ్లీ అనుకున్నారు.

నన్ను చేసింది దమయంతి. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు ఒలిచే కూలి, అందుకని చిప్పలకు కొదవ లేదు. ఆ పిల్ల క్లాసులో నోరు తెరవదు గానీ చేతులు మాత్రం ఊరుకోవు. బద్దకు నడుమ చిల్లు పెట్టి, తాడు కట్టి ఎత్తితే నేను ఒక పక్కకు ఒరిగాను. బరువైన చిప్పను బడి మెట్టు మీద అరగదీసింది. ఎత్తి చూసింది, మళ్ళీ అరగదీసింది. బుధవారం అన్నం గంట కొట్టినా కదల్లేదు. చివరికి నా బద్ద తొణక్కుండా సమంగా నిలిచింది. ఒక చిప్పలో చింతగింజ వేస్తే ఆ పక్కకు ఒరిగాను. చింతగింజ బరువు కూడా పట్టగలిగినదానికి గర్వం రాదా మరి? అట్టముక్క మీద తన పేరు రాసి నా మెడకు కట్టింది. మేడమ్ తన పేరును నలుగురిలో పిలిస్తే ఎలా ఉంటుందోనని, గదిలో ఎవరూ లేనప్పుడు తనే మెల్లగా పిలిచి చూసుకుంది. ఆ పిల్లకు కావలసింది అదొక్కటే.

గురువారం నా మెడ దగ్గరికి కత్తెర వచ్చింది. ఆ క్లాసులోనే హేమసుందర్ అనే పిల్లాడున్నాడు. వాళ్ళ నాన్న బడికి రెండు ఫ్యాన్లు ఇచ్చారు, వాటి రెక్కల మీద ఆయన పేరే తిరుగుతూ ఉంటుంది. పిల్లాడు చెడ్డవాడేం కాదు, వారమంతా ఏమీ చెయ్యలేదు, అంతే. మాస్టారు దమయంతిని పిలిచి ఎంతో ప్రేమగా చెప్పారు.

"చూడమ్మా, నీకు నలుగురిలో మాట రాదు. మేడమ్ ఏదైనా అడిగితే బడి పరువు పోతాది. హేమసుందరైతే గడగడా చెప్తాడు. తక్కెడ ఆడి పేరు మీద ఉంటాది, నువ్వు వెనకాల నిల్చుని చప్పట్లు కొట్టు."

దమయంతి అవుననలేదు, కాదనలేదు. మాస్టారు దాన్నే ఒప్పుకోవడం అనుకున్నారు. పాత అట్ట కత్తిరించి హేమసుందర్ పేరున్న కొత్త అట్ట కట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకే చేతులుంటే ఆ కత్తెరతో ఏం చేసేదాన్నో ఇక్కడ చెప్పను, పిల్లలు కూడా చదువుతారు. మాస్టారూ, మీ సంగతి చూడకపోతే నేను తక్కెడనే కాదనుకున్నాను.

శుక్రవారం హేమసుందర్ నన్ను ఇంటికి పట్టుకెళ్ళి ముస్తాబు చేశాడు. గేటుకు వేసే నీలం రంగు దట్టంగా పూశాడు. ఒక చిప్ప చుట్టూ అద్దాలు అతికించాడు. రెండో చిప్పకు వచ్చేసరికి అద్దాలు అయిపోయాయి. దాన్ని గోడవైపు పెడితే ఎవరికీ కనపడదన్నారు వాళ్ళ నాన్న. నేను కిక్కురుమనలేదు. పూయి నాయనా, ఇంకో పూత పూయి అని లోలోపల ఉసిగొల్పాను. రంగు ఆరలేదని మర్నాటిదాకా నన్నెవరూ ఎత్తి చూడలేదు.

శనివారం మేడమ్ వచ్చారు. ఫ్యాన్లు ఇచ్చినాయన కదా, హేమసుందర్ నాన్న కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. తిరగని గాలిమరను, ఇడ్లీలాంటి అగ్నిపర్వతాన్ని మెచ్చుకుని నా దగ్గరికి వచ్చారు. "ఇది మా హేమసుందర్ సొంతంగా చేసిందండి," అన్నారు మాస్టారు. పిల్లాడు పాఠం గడగడా అప్పజెప్పి నన్ను ఎత్తాడు. ఇంకేముంది, అద్దాల చిప్పను ఒక్కసారిగా కిందికి దించేశాను.

"ఏమీ వెయ్యకుండానే ఒరిగిపోయిందేంటి?" అన్నారు మేడమ్.

పిల్లాడు నాన్న వైపు చూశాడు. నాన్న మాస్టారి వైపు చూశారు. పైన ఫ్యాను తిరుగుతున్నా మాస్టారికి చెమటలు పట్టాయి. "అదండీ, నిజానికి అది ఆ దమయంతి చేసిందండి. ఆ పిల్లకి అంతగా తెలీదు," అని వెనక వరసలోకి వేలు చూపించారు.

నా ప్రాణం చివుక్కుమంది. నేను పన్నిన ఉచ్చులో నా పిల్లే పడింది.

మేడమ్ మాత్రం ఆయన వంకే చూస్తూ నిలబడ్డారు. "ఇందాక ఈ బాబు చేశాడన్నారు కదా మాస్టారూ. బాగుంటే బాబుది, బాగులేకపోతే పాపదా?" అన్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన్ను అలా చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పుడు ఆవిడ, "దమయంతీ, ఇలా రామ్మా," అని పిలిచారు. "ఇది నువ్వే చేశావా?"

"తక్కెడ నానే కట్టినాను మేడమ్. రంగు నాను ఎయ్యలేదు."

"సరిచెయ్యగలవా? చేస్తే ప్రదర్శనకి నిన్నే పంపిస్తాను."

చెయ్యగలదు. తేలికైన చిప్ప అడుగున కాస్త తడిమట్టి మెత్తితే చాలు. మాస్టారు అప్పటికే మొహమంతా నవ్వు పులుముకుని, "చెయ్యమ్మా, మన బడి పరువు నిలబెట్టాలి," అంటున్నారు. దమయంతి ఆయన నవ్వును కాసేపు చూసింది.

"నాను సెయ్యను," అంది. "అలాగే ఉండనీండి. ఎందుకొరిగిందని ఎవులైనా అడిగితే మాస్టార్నే సెప్పమనండి."

ఆ ఏడు మా బడి నుంచి ప్రదర్శనకు ఎవరూ వెళ్ళలేదు. దమయంతి కూడా వెళ్ళలేదు. ఆ పిల్లకూ నష్టమే, కాదనను. కానీ మేడమ్ ఆ పిల్ల మాట తీసిపారెయ్యలేదు. కొత్త అట్ట మీద దమయంతి పేరును మాస్టారి చేతే రాయించి, నన్ను ఉన్నదున్నట్టుగా తరగతి గోడకు వేలాడదీయించారు. బడికి వచ్చినప్పుడల్లా నేనున్నానో లేదో చూసిగానీ వెళ్ళరు.

దమయంతి ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. నా రంగు వెలిసింది గానీ అద్దాలు ఊడలేదు. ఏటా బడి తెరిచిన రోజుల్లో కొత్త పిల్లల్లో ఎవరో ఒకరు నన్ను చూపించి, "మాస్టారూ, అందులో ఏటీ లేదు కదా, ఎందుకొరిగింది?" అని అడుగుతారు. త్రినాథరావు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెడతారు. ఇంతవరకూ జవాబు చెప్పలేదు. నాకేం తొందర లేదు. ఆయన రిటైరవడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి.