లిఫ్టులో అన్న మాట

మూడో అంతస్తులో ఇద్దరు గుమాస్తాలను ఎక్కించుకుని లిఫ్టాయన నాలుగో అంతస్తుకని మీట నొక్కిపట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్న ఘనకార్యం ఇదే. కూర్చోవడానికి ఇనుప స్టూలు, రంగు వెలిసిన ఖాకీ చొక్కా, నొక్కీ నొక్కీ కాయ కాసిన బొటనవేలు. ఆయనకీ ఒక పేరుందని హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు.

నిన్నటిదాకా ఆ లిఫ్టులో నోరు మెదిపినవాడు లేడు. రాత్రి ఎన్నికల ఫలితాలు వచ్చి, ముప్ఫై నాలుగేళ్ళుగా దేశాన్ని ఏలుతున్న పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. ఇక చూడాలి, పొద్దున్నుంచీ ఒకటే వాగుడు.

"పాత రిపోర్టులన్నీ బయటపెడతారట. ఎవడు ఎవడి మీద చాడీలు చెప్పాడో పేర్లతో సహా," అన్నాడు ఒక గుమాస్తా.

"మన లిఫ్టాయనకేం భయం, పాపం. ఆవులింతకి తప్ప నోరు తెరవడు," అన్నాడు రెండోవాడు.

లిఫ్టాయన మీట వదలడం మరిచాడు. లిఫ్టు నాలుగు దాటి అయిదులో ఆగింది.

ఆయన నోరు తెరిచింది ఒక్కసారే. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ ఉద్యోగం వేయించింది ఆరో అంతస్తులో నక్షాలు గీసే బావే, అంటే అక్క మొగుడు. ఒకరోజు లిఫ్టులో దిగుతూ బావ భుజం మీద చెయ్యేసి, "ఈ లిఫ్టూ మన నాయకుడూ ఒకటేరా. పైకెక్కి కూర్చున్నాక కిందివాళ్ళు ఎంత నొక్కినా దిగిరారు," అన్నాడు. ఆ శనివారం ఆఫీసరు పిలిచి, ఎవరేం మాట్లాడుతున్నారని గుచ్చి గుచ్చి అడిగాడు. ఏదో ఒకటి చెప్పకపోతే తన ఉద్యోగం ఊడుతుందని హడలిపోయి ఈ మాట చెప్పేశాడు. పదిహేను రోజుల్లో బావ ఉద్యోగం పోయింది, బామ్మర్దిది ఖాయమైంది. ఆ తర్వాత బావ దుకాణాలకి బోర్డులు రాసి కూతుర్ని పెంచాడు. లిఫ్టాయన మాత్రం ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చుని, ఆ చెప్పినవాడి నోరు పడిపోవాలని శాపనార్థాలు పెట్టేవాడు. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాడు చేసే పనేనా అది?

తన పేరు బావ మరొకరి నోట వినకముందే తనే చెప్పెయ్యాలి. ఆ ఒక్క పని ఇవాళ చెయ్యకపోతే మనిషిగా పుట్టి దండగ అనుకున్నాడు. భోజనాల వేళకి లిఫ్టుకి తాళం వేసి బావ ఇంటికి బయల్దేరాడు.

గుండెజబ్బుతో మంచం పట్టి మూణ్ణెల్లయిన బావ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెంపలు పీక్కుపోయాయి, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

"రారా బామ్మర్దీ. కుర్చీలో మోయించుకెళ్ళి మరీ ఓటు నొక్కొచ్చాను. దిగొచ్చాడు చూశావా?"

"బావా, నీకొక మాట చెప్పాలి." లిఫ్టాయన మంచం అంచున కూర్చున్నాడు.

బావ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఏం చెప్తావులేరా. ఆ రోజు లిఫ్టులో ఉన్నది మనిద్దరమేగా."

ఇన్నేళ్ళూ ఆ శాపనార్థాలన్నీ బావ తలదించుకుని ఎందుకు విన్నాడో లిఫ్టాయనకి అప్పుడు తెలిసింది. నిలువునా కుంచించుకుపోయాడు.

"మీ అక్కకి తెలీదు. ఎప్పటికీ తెలియనివ్వకు. దానికి పుట్టింటివాడివి నువ్వొక్కడివేగా."

క్షమించమని అడగకుండానే లేచాడు. అక్క తిని వెళ్ళమంటున్నా వినకుండా, ఆలస్యమైపోయిందని అబద్ధమాడి బయటపడ్డాడు.

నాలుగింటికి మేనకోడలు ఆఫీసు గేటు దగ్గరి ఫోనుకి చేసింది. బావ నిద్రలోనే పోయాడు.

లిఫ్టాయన వెళ్ళేసరికి అక్క మంచం పక్కన కూర్చుని ఉంది. తమ్ముణ్ణి చూడగానే చెయ్యి పట్టుకుని బావురుమంది.

"నువ్వు ఆకలితో వెళ్ళావని ఒకటే గొడవరా. సాయంత్రం తప్పకుండా వస్తాడు, వాడికి తీసిపెట్టు అన్నారు. పెట్టానో లేదో అడిగి తెలుసుకుని గానీ పడుకోలేదు."

వంటింటి బల్ల మీద వడ్డించిన కంచం, దాని మీద బోర్లించిన పళ్ళెం, పక్కనే మంచినీళ్ళతో నిండిన గ్లాసు ఉన్నాయి.