ఊదారంగు నోరు

"మొగుడు తిన్న ఆకులో తినేదానికి నోరు నొప్పా నీకు?" అని అత్త నాగులమ్మ అడిగితే తాయమ్మ ఏం చెబుతుంది? నిజంగానే నోరు నొప్పి. చెంగల్రాయుడు తిని లేచిన ఆకులో చల్లారిన సంగటి ముద్ద, ఎర్రటి ఊరిబిండి పచ్చడి మిగిలాయి. ఆమె నాలుక మీద, బుగ్గల లోపల మీగడ కట్టినట్టు తెల్లటి పొర. గీరితే నెత్తురు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళుగా ఆయన మిగిల్చిందే ఆమె తిండి. ఆయనకు ఆకలెక్కువైన పూట ఈమెకు పస్తు. ఆ తొమ్మిదేళ్ళలోనే ఆరు కాన్పులు, మిగిలింది ముగ్గురు. యుద్ధమొచ్చాక సర్కారు బియ్యానికి కంట్రోలు పెట్టింది గానీ, ఆ ఇంట్లో కోడలి కడుపుకు అంతకు ముందునుంచే కంట్రోలు.

పూతలపట్టు నుంచి చిత్తూరు ఆస్పత్రికి బండి కట్టింది జాలితోనా? కాదు. ఆమె పడిపోతే వంట ఆగిపోయింది.

నర్సు నిర్మలమ్మ తాయమ్మ నోరు చూసింది, కనురెప్ప లాగి చూసింది. గుమ్మంలో నిలబడ్డ చెంగల్రాయుడితో, "ఇది నోటిపూతప్పా. ఈ బూజు అందరి నోట్లోనూ ఉండేదే. ఒంట్లో సత్తువ లేనోళ్ళనే పట్టుకుంటాది. ఈమెకి నెత్తురే లేదు. కడుపు నిండా పెట్టు. ఇప్పట్లో ఇంకో కాన్పు వద్దు" అని, ఊదారంగు మందు నోరంతా పూసి, సీసా చేతికిచ్చింది.

ఆయన చెవికెక్కింది బూజు అన్న మాటొక్కటే. బండిలో ఆమెకు ఎడంగా జరిగి కూర్చున్నాడు. ఇల్లు చేరీ చేరకముందే, "అమ్మా, అంటురోగం!" అని కేకేశాడు.

"ఆ నోరేసుకోని వంటింట్లోకి రావద్దు" అంది నాగులమ్మ. వేరే తట్ట, వేరే చెంబు. ఆయన మంచం అరుగు మీదికి పోయింది. వెలేశామనుకున్నారు, పాపం! తాయమ్మ తన తట్టలో, తనకోసం వడ్డించిన సంగటి వేడివేడిగా తిన్నది. తింటుంటే ఏడుపొచ్చింది. మనిషని పెట్టలేదు, రోగానికి భయపడి పెట్టారు. అయినా కడుపు నిండింది. తెల్లారేదాకా ఎవరి చెయ్యీ మీద పడకుండా నిద్రపోయింది.

పదిరోజులకు తెలుపంతా పోయింది. సంతోషించాల్సింది పోయి ఆమెకు గుండె జారిపోయింది. నయమైందంటే మళ్ళీ ఆ ఎంగిలాకే, ఆ మంచమే. ఈసారి కడుపొస్తే బతకనని ఆమె ఒంటికి తెలుసు. అందుకని రోజూ పొద్దున్నే ఒక్క చుక్క ఊదారంగు మందు నాలుకకి రాసుకునేది. నెల దాటేసరికి సీసా అయిపోయింది. మూడు రోజులు నోరు మూసుకుని తిరిగింది.

"ఇంకెన్నాళ్ళే ఈ రోగం?" అని చెంగల్రాయుడు మళ్ళీ బండి కట్టాడు.

నిర్మలమ్మ ఆమె నోరు తెరిపించి, "శుభ్రంగా ఉండాదే!" అని మెల్లగా నవ్వింది.

"తగ్గిందా?" గుమ్మం అవతలి నుంచి ఆయన గొంతు.

జవాబు చెప్పబోతున్న నిర్మలమ్మ చెయ్యి పట్టుకుంది తాయమ్మ. వద్దన్నట్టు తల ఊపింది. నర్సు ఆగిపోయింది. తాయమ్మ బల్ల మీది ఊదారంగు మందులో దూది ముంచి, ఏ పూతా లేని నాలుకకి తానే పూసుకుంది. గుమ్మం దగ్గరికి నడిచి మొగుడి ముందు నోరు బార్లా తెరిచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"తగ్గలేదు" అంది. "ఈ జన్మకి తగ్గేది కాదంట."