అడిగి తెచ్చుకున్న నీడ

రోజూ పొద్దున పదింటికల్లా కొత్తగూడెం డిగ్రీ కాలేజీ పిల్లలు తలా ఒక చందా డబ్బా పట్టుకుని రోడ్డెక్కేవాళ్లు. పిల్లల దవాఖానాలో పసివాళ్లను చేర్పించి, ఆవరణలో ఎండకు మాడుతూ పడుండే తల్లిదండ్రుల తిండికీ, బస్సు కిరాయికీ ఆ చందాలు. అందరికన్నా ఎక్కువ తెచ్చినవాళ్లకు దవాఖానా హెల్ప్‌డెస్క్‌లో ఉద్యోగం ఇప్పిస్తానని కాలేజీ లెక్చరర్ రామ్‌చందర్ సార్ మాటిచ్చాడు.

ఆ కాలేజీ పిల్లల్లో సరళకు ఆ ఉద్యోగం మీద ప్రాణం. అది రాకపోతే ఏముంది? ఏన్కూరు పక్కన తమ తండాకు పోయి అమ్మతోపాటు మిరపకాయలు ఏరుడే. చేతుల మంటకు అన్నం ముద్ద కూడా కలపలేని బతుకు.

సరళ కష్టానికి వంక పెట్టలేం. కానీ పక్కనే ఇంకో డబ్బాతో దుర్గ ఉంది కదా! దుర్గది చర్ల అవతల అడవిలో ఊరు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల నీడ ఇప్పచెట్టు నీడంత ఉంటుంది, చల్లగానూ ఉంటుంది. అదొక వింతని ఎవరూ అనుకోరు. మే నెల ఎండలో ఆటోవాళ్లు, సోడా బండివాళ్లు, బస్సు కోసం చూసే ముసలివాళ్లు, అందరూ వచ్చి దుర్గ నీడలోనే నిలబడతారు. ఊరికే నిలబడితే బాగుండదని డబ్బాలో ఏదో ఒకటి వేస్తారు. సరళ "పసిపిల్లల కోసం అన్నా" అని గొంతు చించుకున్నా తిరిగి చూసే దిక్కు లేదు.

"నోట్లె నాలుక లేని పిల్లకు గింత నీడేంది దేవుడా," అని సరళ కడుపు మండిపోయేది. దుర్గ నవ్వితే మండేది. మంచినీళ్ల సీసా చేతికిస్తే ఇంకా మండేది.

ఆఖరి రోజు మధ్యాహ్నం సరళ సిగ్గు విడిచి అడిగింది. "దుర్గా, ఈ ఒక్క పూట నీ నీడ నాకియ్యవే. పొద్దుగూకే లోపల తెచ్చిస్త."

"గంతేనా? తీస్కో," అంది దుర్గ. దుప్పటి దులిపినట్టు దులిపి, మడత పెట్టి సరళ భుజాన వేసింది. తన ఊరి జంపక్క మనవడు జ్వరంతో దవాఖానాలో ఉన్నాడని, వాడి దగ్గర కూర్చుంటానని వెళ్లిపోయింది.

ఊళ్లోనే ఉన్న భద్రాచలం రోడ్ రైల్వే స్టేషన్ ముందు సరళ ఆ నీడ పరిచింది. ఇక చూడాలి! జనం ఎగబడ్డారు. నాలుగింటికల్లా డబ్బా నిండి మూత పడలేదు. "ఇప్పుడు తెలిసిందా నేనేందో!" అనుకుంది సరళ, నీడ తనదే అయినట్టు.

డబ్బా ఎత్తుకుని దవాఖానాకు వెళ్లేసరికి ఊరంతా కరెంటు లేదు. లోపలి ఉక్కకు తాళలేక వార్డులోని పిల్లల్ని ఆవరణలోకి తెచ్చారు. మూడు రోజులుగా కునుకు లేని జంపక్క మనవడు వేడికి అల్లాడుతున్నాడు. దుర్గ చెమటలు కక్కుతూ వాడికి చున్నీతో విసురుతోంది.

నీడ సరళ భుజం మీంచి దానంతట అదే జారి ఆవరణంతా పరుచుకుంది. కాసేపట్లో పిల్లాడు నిద్రపోయాడు. సరళ ఎంత లాగినా నీడ లేవలేదు.

"ఉండనియ్ తియ్," అంది దుర్గ.

చందాలు లెక్కపెట్టడానికి వచ్చిన రామ్‌చందర్ సార్ డబ్బా చూసి "శభాష్ సరళా!" అన్నాడు. మనవడి పక్కనే ఉన్న జంపక్క ఊరుకుంటుందా?

"గదెట్ల సారూ? మా దిక్కు ఎవరి ఇప్పచెట్టు కింద రాలిన పువ్వు వాళ్లదే. నీడ దుర్గది. డబ్బా గూడ దుర్గదే."

సార్ దుర్గ వైపు తిరిగాడు. పాలిపోయిన సరళ మొహాన్ని దుర్గ ఒకసారి చూసింది.

"చెట్టే ఇచ్చిన సార్. ఇంక పువ్వు ఆమెదే."

వాళ్ల ఊళ్లలో చెట్టు ఇస్తే ఇచ్చినట్టే, మళ్లీ అడగరు. ఒక్క పూటకే తెచ్చుకున్నానని సరళ చెప్పొచ్చు. మాట నాలుక దాకా వచ్చింది. మింగేసింది.

ఉద్యోగం వచ్చింది. ఆవరణలో నీడ అంచునే బల్ల వేశారు. అయితే ఏం లాభం? వచ్చిన ప్రతి తల్లీ "దుర్గ నీడ ఏడుంది బిడ్డా?" అనే అడిగేది. "గిది దవాఖానా నీడ. అటు పోండ్రి," అని కసిరేది సరళ.

మిరప ఏరే రోజుల్లో అమ్మ బాలి ఫోన్ చేసింది. "చర్ల దిక్కు నుంచి దుర్గ అనే పిల్ల కూలికొచ్చిందే. నీకన్నా రెండింతలు ఏరుతది. పాపం, అందరికి కాళ్లకాడ ఇంత నీడన్న ఉంటది, దానికి గంత గూడ లేదు. ఒళ్లంత కమిలిపోయింది."

రెండింతలా అని ముందు కడుపు మండింది సరళకు, దాచేదేముంది! ఆ తర్వాత ఆ పిల్ల చేతులు ఎట్లా మండుతున్నాయో తలుచుకుని, సిగ్గుతో ఫోన్ పెట్టేసింది.

ఎదురుగా చంటిబిడ్డతో ఒకామె నిలబడి ఉంది. "అక్కా, దుర్గ నీడంటే ఇదేనా?"

"అవ్, దుర్గదే," అంది సరళ. "ఒక్క పూటకని నేనే అడిగి తెచ్చిన. మళ్ల ఇయ్యలే."