గది మామ్మ

“బస్తా నిలువుగా దింపండర్రా! అడ్డంగా దింపితే కుట్టు తెగిపోతాది. తెగిందంటే ఒక్కొక్క గింజా మీ సేతే ఏరిస్తాను, సూసుకోండి!”

విజయనగరం బస్టాండులో, రాజాం నుంచి వచ్చిన బస్సు పక్కన నిలబడి, టాపు మీది కూలీలకు నారాయణమ్మ హుకుం జారీ చేస్తోంది. మనిషి పొట్టి, నలుపు. మోచేతుల దాకా పచ్చబొట్లు. నేతచీర కుచ్చెళ్ళు పైకి దోపి, చెప్పుల్లేని కాళ్ళు బురదలో ఎడంగా వేసి నిలబడితే, ఆ బస్సును రాజాం నుంచి ఆమే తోసుకొచ్చినట్టుంది. కూలీలు నవ్వుకున్నారు గానీ బస్తాను నిలువుగానే దింపారు.

“మామ్మా, నీతో ఒక మాట...” అన్నాడు జగన్నాధం.

“మాట ఎక్కడికీ పారిపోదు. రిచ్చా పారిపోతాది. ముందెల్లి దాన్ని పిలు.”

జగన్నాధం రిక్షా కోసం వెళ్ళాడు. వాడు ఆమె బావగారి మనవడు, బీయస్సీ ఆఖరి సంవత్సరం. బస్సెక్కినప్పటి నుంచి ఆ ఒక్క మాట వాడి గొంతులో వెలక్కాయలా అడ్డం పడి ఉంది. చీపురుపల్లిలో ఒకసారి మొదలెట్టాడు. నారాయణమ్మ కిందకు దిగి తాటిముంజలు కొనుక్కురమ్మంది. గుర్ల దాటాక మళ్ళీ మొదలెట్టాడు. ఆమె గురక పెట్టింది. నిద్ర రాకుండా గురక పెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ మాటేమిటో ఆమెకు తెలియక కాదు. కాలేజీ వాళ్ళు కొత్తగా కట్టిన హాస్టల్లో ఈ ఏడు జగన్నాధంతో కలిపి తమ ఊరి కుర్రాళ్ళు ముగ్గురికీ సీట్లు దొరికాయి. కరెంటు దీపాలు, వరస మంచాలు, వేళకు గంట కొట్టి పెట్టే భోజనం. ఇక టౌనులో అద్దెకుంటున్న గదితో పని లేదు, గదిలో వండే ముసలమ్మతోనూ పని లేదు. ఊరంతటికీ ఈ సంగతి తెలుసు. చెప్పవలసిన మనిషికి చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు? జగన్నాధం తండ్రి నరసింగరావు, ఆడవాళ్ళు చెబుతారులే అనుకున్నాడు. ఆడవాళ్ళు, ఇంటి పెద్ద ఆయనే కదా, ఆయనే చెబుతాడు అనుకున్నారు. ఆ ఊళ్ళో మొహమాటం అంత గట్టిది. గొడ్డలితో కొట్టినా చీలదు.

నారాయణమ్మ మాత్రం వైశాఖంలోనే కనిపెట్టింది. ఏటా మామిడికాయ ముక్కలు కొట్టే రోజుల్లో ముగ్గురి తల్లులూ గదికని వేరే ఆవకాయ కలిపి ఇచ్చేవాళ్ళు. ఈసారి ఎవరూ ఇవ్వలేదు. నూతి దగ్గరకు ఆమె వెళ్తే మాటలు ఆగిపోయేవి. అంతకన్నా ఇంకేం చెప్పాలి? సెలవులు అయిపోయే నాటికి తన వాటా ధాన్యం తనే దంపించుకుని, బస్తాకెత్తి, పొద్దున్నే బండెక్కి కూర్చుంది. నరసింగరావు ఆమెను చూసి నోరు తెరిచి, “జాగ్రత్త, పినమ్మా,” అని మూసేశాడు. కొడుకును మాత్రం పక్కకు పిలిచి గొణిగాడు: “దారిలో సెప్పెయ్. సాయంత్రం బస్సుకి తిరిగి ఎక్కించెయ్.”

నారాయణమ్మకు కళ్ళు మందగించాయి గానీ చెవులకేం లోటు లేదు. ఇంటి పెద్ద మాట చెవిన పడ్డాక కాదనడం ఆ ఇంటి ఆడవాళ్ళెవరూ ఎరగరు. ఆమె మాత్రం ఎరుగునా? కానీ చాటుగా విన్నది లెక్కలోకి రాదు. ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పనివ్వకుండా సాయంత్రం బస్సు దాటించేస్తే, ఇక ఎవరి మాటా మీరినట్టు కాదు. ఆలోగా గదికి పిల్లలు కావాలి. అంతే.

తిరిగి వెళ్తే ఏముంది? వంటింటి పక్క ధాన్యపు కొట్టు, అందులో ఒక మూల చాప. మొగుడు జ్వరంతో పోయిన నాటి నుంచి ఆ మూలే ఆమెది. ఊరి కుర్రాళ్ళు మొదటిసారి కాలేజీలో చేరి, హోటలు తిండి పడక మంచమెక్కితే, గది తీసుకుని ఒక ముసలమ్మను తోడు పంపుదామని పెద్దలు అనుకున్నారు. ఇంట్లో అక్కర్లేని మనిషి ఎవరా అని చూస్తే నారాయణమ్మ కనబడింది. అలా వచ్చింది విజయనగరం. వచ్చాక తెలిసింది ఆమెకు, “మామ్మా, అన్నం పెట్టవా” అని ఒకరు అడగడం ఎలా ఉంటుందో. ఆ గదిలో ఆమె ఊ అంటేనే కంచాలు లేచేవి, ఆమె కసిరితేనే పుస్తకాలు తెరుచుకునేవి. ఆమె చేతి ముద్ద తిన్నవాళ్ళలో ఒకడు కొత్తవలసలో రైల్వే ఉద్యోగి, ఇంకొకడు బడి పంతులు. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడితే పడి ఉండే వయసు తనది కాదని ఆమె నమ్మకం. అరవై దాటాయన్నది వేరే సంగతి.

మూడు లాంతర్ల కూడలికి అవతల సందులో గది. రిక్షా దిగగానే జగన్నాధాన్ని పుల్లల అడితికి తరిమింది. అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న ఇంటావిడ లక్ష్మీనరసమ్మ గారు బస్తాను చూసి కళ్ళు పెద్దవి చేసింది.

“వచ్చావూ? మీ కుర్రాళ్ళు హాస్టలుకి వెళ్ళిపోతున్నారటగా? సీటు కోసం వచ్చినప్పుడు మీ జగన్నాధమే చెప్పి వెళ్ళాడు. కచేరీ గుమస్తా ఒకాయన గది అడిగితే రేపు రమ్మన్నానే!”

“రేపు గదా రమ్మన్నారు. ఈయేల గది నాదే. తాళం నా మొలలోనే ఉన్నాది.”

“నీదే, ఎవరు కాదన్నారు? పిల్లలుంటే నీకే ఇస్తాను. ఒక్కదానివీ గదిలో కూర్చుని ఏం చేస్తావే?”

“దీపాలేలకి పిల్లల్ని తెస్తాను.”

“ఎక్కణ్ణించి? సంతలోంచా?”

“సంతలోంచే. కాలేజీ గేటు కాడ ఈయేల సంత కాక మరేటి?”

గది తాళం తీసి, బూజు దులిపి, నేల అలికి, పెరట్లోంచి తెచ్చిన మూడు ఇటుకలు మూల పెట్టేసరికి జగన్నాధం పుల్లల మోపుతో వచ్చాడు. పాపం, చెమటలు కక్కుతున్నాడు. “మామ్మా, అది కాదు, హా...” అనగానే, “హా లేదు, హూ లేదు. కుండలు కొనాల. పాతవి పగిలిపోనాయి. మంచి కుండ కంగుమంటాది, కొట్టి సూసి తే,” అని మళ్ళీ తరిమింది. వాడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అంత మంచివాడు కనకనే ఆమె ఆటలు సాగుతున్నాయి.

కాలేజీ గేటు దగ్గర సంతే. ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు, తలపాగాల తండ్రులు, కొత్త చొక్కాల కొడుకులు. నారాయణమ్మ మొహాలు చూడదు, సామాను చూస్తుంది. తోలు పెట్టె ఉన్నవాడు హాస్టలుకు. పూలమొక్క, పళ్ళబుట్ట తెచ్చుకున్నవాడు మేనమామ ఇంటికి. అత్త సూటిపోటి మాటలకు దసరా వెళ్ళాక గది వెతుక్కుంటాడు గానీ, అది ఇప్పటి బేరం కాదు. బియ్యం మూట తెచ్చుకున్నవాడే తనవాడు. అలాంటి తండ్రులను ఇద్దరిని పలకరించింది. ఒకాయన కొడుకును వియ్యంకుడింట దింపుతానన్నాడు. రెండో ఆయన హోటలు భోజనమే నయమన్నాడు.

“తినిపించు బాబూ, తినిపించు. కడుపట్టుకొని మీవోడే నన్ను ఎతుక్కొని వస్తాడు,” అంది నారాయణమ్మ. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. పొద్దు వాలుతోంది. గేటు దగ్గర జనం పలచబడ్డారు. అప్పుడు మాత్రం ఆమెకు ధాన్యపు కొట్టు మూల కళ్ళముందు కదిలింది.

అంతలో గాలి ఒక వాసన మోసుకొచ్చింది.

గోడ వారన ఒక మనిషి కూలబడి ఉన్నాడు. ఉప్పునీటికి పగిలిన పాదాలు, ఎండకు రాగి రంగు తేలిన జుట్టు. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, ట్రంకుపెట్టె, బియ్యం మూట, మూతికి గుడ్డ కట్టిన రేకుడబ్బా.

“ఏ ఊరు బాబూ?”

“భావనపాడమ్మా. నా పేరు సూరయ్య. ఈడు నా కొడుకు నూకయ్య, ఆడు మేనల్లుడు. నౌపడలో రైలెక్కి తెల్లారగట్ల దిగినాం. అప్పటినుంచీ తిరగతన్నాం. గదున్నాదంటారు, మమ్మల్ని సూసి నేదంటారు.”

“ఆ డబ్బా నెత్తిన పెట్టుకొని అడిగితే ఎవులిస్తారు? అందులో నెత్తళ్ళున్నాయని నాకు అల్లంత దూరం నుంచే తెలిసింది.”

“గుంటలిద్దరూ అది నేకుండా ముద్ద ముట్టరమ్మా,” అన్నాడు సూరయ్య తప్పు చేసినవాడిలా.

నారాయణమ్మ మరోసారి గాలి పీల్చింది. వంకాయలో ఆ వేలెడేసి ఎండు చేపలు వేసి దగ్గరగా ఇగిరిస్తే ఆమె రెండు ముద్దలు ఎక్కువ తినే మనిషి. ఆ ఇంట నీచు వండకూడదని లక్ష్మీనరసమ్మ గారు మొదటి రోజే అన్నందుకు, గదిలో ఉన్నన్నాళ్ళూ నాలుక కట్టేసుకుంది.

“నా కాడ గదున్నాది. వొండేదాన్ని నానే, తిట్టేదాన్నీ నానే. పుస్తకం ముందర కునికితే నెత్తిన నీల్లు పోస్తాను. ఒప్పుదలైతే లెగండి.”

సూరయ్య లేచాడు గానీ కదల్లేదు. “మీరు కాపోల్లు గదమ్మా. మా పిల్లలకి వొండి పెడతారా? రేపు మీవోల్లు ఏటంటారో?”

ఆ ప్రశ్నకు నారాయణమ్మ నిజంగానే ఆగింది. తమ ఊళ్ళో ఇలాంటిది ఎవరూ చేయలేదు. నరసింగరావుకు తెలిస్తే వారం రోజులు అన్నం సహించదు. కానీ ఆయన ఏదైనా అనాలంటే ముందు నోరు పెగలాలి కదా! అది జరిగేలోపు ఈ పిల్లల చదువులే అయిపోతాయి.

“మావోల్లు ఏటీ అనరు,” అంది నారాయణమ్మ. “ఆల్ల సంగతి నాకు తెలుసు. మూట ఎత్తు.”

లక్ష్మీనరసమ్మ గారు వాసన తగలగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నారాయణమ్మ మెట్టు దిగలేదు. “అమ్మగారూ, ఇన్నేల్లలో మీ ఇంట ఒక్క సేప తల తెగిందేటి? ఇప్పుడూ ఇంట్లో తెగదు. ఆదివారం ఒక్క పూట, పెరటి సివర, మునగసెట్టు అవతల రాళ్ళు పెట్టి వొండుతాను. గాలి ఈదివైపు కొట్టినప్పుడే పొయ్యి ముట్టిస్తాను.”

“వెనక్కి కొడితేనో?”

“ఆ ఆదివారం పస్తుంటాం.”

ఇంటావిడ కొంగు చాటున నవ్వింది. “ఏడిశావులే. ఆ గుమస్తా పెళ్ళాం నోరెత్తి మాట్లాడే రకం కాదట. నువ్వు లేకపోతే ఈ వీధిలో నాతో తగువాడేవారే ఉండరు. ఉండండి. డబ్బా మాత్రం పెరట్లోనే!”

సూరయ్య రైలు వేళకు వెళ్ళిపోయాడు. మూడు ఇటుకల మీద కొత్త కుండలో ఎసరు కాగుతుండగా జగన్నాధం పరుగెత్తుకొచ్చాడు. ఆమె పంపిన మూడో పని మీద కోట దాకా వెళ్ళి వస్తున్నాడు.

“మామ్మా! బస్సు ఎల్లిపోనాది!”

“ఎల్లిపోనాదా? అయితే ఇప్పుడు సెప్పరా నీ మాట.”

వాడు గదిలో కూర్చున్న కొత్త కుర్రాళ్ళను చూశాడు. ఆమెను చూశాడు. తల వంచుకుని, హాస్టలు సంగతి, తండ్రి మాట, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

“తెలుసు.”

“తెలిసీ ఎందుకొచ్చినావు మామ్మా?”

“నన్ను రావద్దని ఎవులు సెప్పినారు?”

జగన్నాధం ఆలోచించాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. నవ్వబోయి, నవ్వలేక, కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి ఏడు విషజ్వరం వచ్చినప్పుడు వాడికి గంజి తాగించింది ఆమె చేతులే. “నాన్న అడిగితే ఏటి సెప్పాలి?”

“నాను మాట సెప్పేసరికి బస్సెల్లిపోనాదని సెప్పు. అబద్దమేటి?” ఆమె వాడి తల నిమిరింది. “ఎల్లు. సీకటి పడితే ఆ గేటు మూసేస్తారేమో. అక్కడ కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందని సెప్పు. మొగమాటపడకు. మన ఊరోల్ల జబ్బదే.”

వాడు గూట్లోని తన పుస్తకాలు సర్దుకుని, పెట్టె భుజానికెత్తుకుని, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. సందు మలుపు తిరిగేదాకా ఆమె చూసింది. పంపేయడం ఇంత కష్టమని పొద్దుటి నుంచీ పరుగుల్లో తోచలేదు. ఇప్పుడు తోచింది.

లోపలికొచ్చేసరికి నూకయ్య గూట్లోంచి ఒక కంచం అందుకుంటున్నాడు. జగన్నాధం కంచం. మొదటి ఏడు వాళ్ళమ్మ వాడి పేరు కొట్టించి ఇచ్చిన కంచు కంచం. నారాయణమ్మ దాన్ని చటుక్కున లాక్కుని వీధిలోకి వచ్చి కేక వేసింది. సందు మలుపు అవతల నుంచి గొంతు వినబడింది: “అక్కడ కంచాలు ఆల్లే ఇస్తారు, మామ్మా!”

“ఇది ఎవులిదమ్మా?” అన్నాడు నూకయ్య.

“దీనికి మనిసున్నాడు. ఆదివారం పులుసు వాసన తగిలితే ఆడే వస్తాడు. నీకు ఆకు ఏస్తాను, కూకో.”

గట్టిగానే అంది. గది విడిచి వెళ్ళిన పిల్లల్లో ఒక్కడూ మళ్ళీ ముద్దకు వచ్చి కూర్చోలేదన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా అంది. ఆకులు వేసి, కుండ దింపి, కొత్త పిల్లలకు పొగలు కక్కే అన్నం పెట్టి, “తినండర్రా, సిగ్గుపడితే కడుపు నిండదు,” అని కసిరింది. వాళ్ళు తలలు వంచుకుని తిన్నారు.

కంచం గూట్లో, గోడకు ఆనుకుని, పేరు గదిలోకి కనబడేలా నిలబడి ఉంది.