రాజీకి మాటలు రావట

అంగన్‌వాడీలు ఎంత బాగా నడుస్తున్నాయో చూసి మార్కులు వేసే ఉద్యోగం నాది. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలో ఉన్న రోజుల్లో నన్ను మాత్రం పెద్దవంగర దగ్గరి ఒక లంబాడీ తండాకు తోలారు. బొమ్మల అట్టలు చూపించాలి, పిల్లలు వాటి పేర్లు చెప్పాలి. ఆ అట్టల్లో ఓడ కూడా ఉంది. తండా పిల్లలకు ఓడ ఎందుకో, అది గీయించిన పెద్దమనిషినే అడగాలి.

నాలుగేళ్ల రాజీ దేనికీ నోరు విప్పలేదు. కుండ చూపించినా, మేక చూపించినా నేలచూపులే.

"చేరిన కాన్నుంచి గంతే మేడం," అంది టీచర్ భూలక్ష్మి. ఆమెది పక్క ఊరు. "పిల్లకు బుద్ధి ఎదగలే. గట్లనే రాయుండ్రి. నా సెంటర్ల తండా మాట బందు. అందరు తెలుగు నేర్చుకున్నరు, గిదొక్కతే మిగిలింది."

గుమ్మంలో నిలబడ్డ రాజీ తల్లి జమున ముఖం వాడిపోయింది. "ఇంట్ల మస్తు మాట్లాడ్తది మేడం. గట్ల రాస్తె రేపు బడిల చేర్చుకుంటరా?"

"తల్లులందరు గదే చెప్తరు," అని కొట్టిపారేసింది భూలక్ష్మి.

జమున భయం ఉత్తది కాదు. అలాంటి మాట ఒకసారి కాగితమెక్కితే పిల్లను వదలదు. కానీ నోరే విప్పని పిల్లకు మార్కులెలా వేయను? విసుగ్గానే 'ఎదుగుదల లేదు' అని పెన్సిల్‌తో రాసుకున్నాను.

మధ్యాహ్నం తిరుగు దారిలో రోడ్డు బందైంది. వంటావార్పు. ఊరూ తండా కలిసి నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తింటున్నారు. జీపు దిగక తప్పలేదు. సెంటర్ మూసి నాకంటే ముందే అక్కడికి చేరిన భూలక్ష్మి గొంతు మైకులో ఖంగుమంటోంది.

"సినిమాల్ల మన మాటను ఎక్కిరిస్తరు! గిట్ల మాట్లాడెటోళ్లకు తెలివి లేదంటరు! అవ్వ నేర్పిన మాటకు మనమెందుకు సిగ్గుపడాలె?"

చప్పట్లు మోగాయి. నాదీ ఈ జిల్లానే, రఘునాథపల్లి. హైదరాబాదు హాస్టల్లో నా మాటకు నవ్విన వాళ్లు గుర్తొచ్చి, నేనూ గట్టిగానే కొట్టాను.

అప్పుడే అన్నం గుండిగల వెనక నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది. రాజీ! మూడు రాళ్లు పెట్టి ఇసుక వండుతోంది. తనకంటే పెద్ద పిల్లలను బంతిలో కూర్చోబెట్టి గడగడా ఏదో అరుస్తోంది. అంతా లంబాడీ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

జమున నవ్వుతూ చెప్పింది. "చిన్నోళ్లకు ముందుగాల పెట్టాల్నంట. దేవ్యా మళ్ల పెట్టుకున్నడని తిడ్తాంది."

నాకు ఒళ్లు మండిపోయింది. భూలక్ష్మి మీద కొంత, నా పెన్సిల్ మీద కొంత. మైకు వదిలి వస్తున్న ఆమెను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. "చూడు, నువ్వు బుద్ధి ఎదగలేదన్న పిల్ల."

టీచర్‌ని చూడగానే రాజీ గొంతు ఆగిపోయింది. టక్కున మూతి మీద వేలు పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే మిగతా పిల్లలూ పెట్టుకున్నారు.

భూలక్ష్మి అక్కడే చతికిలబడింది. "మాట్లాడు బిడ్డా. నీ మాటలనే మాట్లాడు," అంది. రాజీ వేలు తీయలేదు.

భూలక్ష్మి నా వైపు తిరిగింది.

"అక్కా, పిల్ల పేరు ముంగట రాసింది కొట్టెయ్యి. గది నా పేరు ముంగట రాయి."